ఆఖరి పేజీలో పర్వతాలు

బతికున్న మనిషిని చంపినవాడు ఆ మనిషి ఇంటికి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి? మారేడ్‌పల్లిలో మిఠాయి దుకాణం ముందు స్కూటర్ ఆపి కల్యాణ్ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నది దీని గురించే. మిఠాయి పట్టుకెళ్తే పండగ చేసుకోండి అన్నట్టుంటుంది. పళ్ళు పట్టుకెళ్తే రోగిని చూడబోయినట్టుంటుంది. పూలా? రామ రామ, పూల మాటే ఎత్తకూడదు. దండ వేయడం ఎలాగూ అయిపోయింది, అదీ నిలువెత్తు ఫోటోకి, చిలకలగూడ చౌరస్తాలో.

పొద్దున ఇంట్లో వాళ్ళమ్మ లోవమ్మ చెప్పనే చెప్పింది. అనకాపల్లి నుంచి పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆవిడ మాటకి ఈ ఊరి నీళ్ళు పడలేదు. "ఏటీ అట్టుకెళ్ళకు. సేతులూపుకుంటా ఎళ్ళు. ఎళ్ళి ఆ పెద్దాయన కాళ్ళట్టుకో. బతికున్నోడికి దండేయించీసినావు, మళ్ళీ నీకు లడ్డూలొకటా?" అంది. అని ఊరుకోకుండా, "నాను కన్నదాన్ని కాబట్టి అన్నం ఎడతన్నాను గానీ..." అని వాక్యం సగంలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మిగిలిన సగం కల్యాణ్‌ని దారి పొడుగునా పొడుస్తూనే ఉంది.

చివరికి ఏమీ కొనలేదు. సంచిలో ఉన్నదల్లా ఒక్క పుస్తకం. ఆ పుస్తకమే చేసింది చేయాల్సిందంతా.

సంగతేమిటంటే, కల్యాణ్ అక్షరాలు గీసేవాడు. కథలు, కవిత్వం రాసేవాడు కాదు, అక్షరాలే గీసేవాడు. కంప్యూటర్లో మనం టైపు చేసినప్పుడు వచ్చే అక్షరాలు చెట్టుకి కాయవు కదా, ఎవరో ఒకరు కూర్చుని ప్రతి గీతా గీయాలి. మారేడ్‌పల్లిలో స్వర్ణలత అనే ఆవిడ నడిపే చిన్న డిజైన్ ఆఫీసులో అతని పని అది. రెండేళ్ళుగా ఒకే ఫాంటు మీద పడి ఉన్నాడు. దానికి 'చిలకలగూడ కండెన్స్‌డ్' అని పేరు కూడా పెట్టుకున్నాడు.

ఇంగ్లీషు అక్షరాలే అవి, పాతకాలం తరహావి. పొడుగ్గా, సన్నగా ఉంటాయి, కండెన్స్‌డ్ అంటే అదే. నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకంత. ప్రతి నిలువు గీతకీ కిందా పైనా చిన్న పాదం. బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురు సర్దుకున్నట్టుంటాయి, అయినా ఎవరి మోకాలూ ఎవరికీ తగలదు, ఎవరి పరువూ పోదు. మామూలు అక్షరాన్ని కంప్యూటర్లో రెండు పక్కలా పట్టుకుని నొక్కితే ఇలా రాదు. అలా నొక్కితే లావు గీతా నలుగుతుంది, సన్న గీతా నలుగుతుంది, అక్షరం జబ్బుపడి లేచినట్టు కనిపిస్తుంది. ఇవి అలా నొక్కినవి కావు, పుట్టుకే సన్నం.

పుట్టింది ఎక్కడంటారా? చిలకలగూడలో, సదాశివ అనే దర్జీ కొట్టు రెండు షట్టర్ల మధ్య స్తంభం మీద. ఆ స్తంభం వెడల్పు జానెడున్నర. దాని మీద యజమాని పేరు, కొడుకుల ప్రస్తావన, సూట్లు సఫారీలు కుట్టబడును అన్న ప్రకటన, అన్నీ పట్టాలి. దూరంనుంచి కనపడాలి కూడా. ఎప్పుడో ఒకాయన బ్రష్షు పట్టుకుని ఇవన్నీ పట్టించేశాడు, మెరూన్ రంగు మీద మీగడ రంగు అక్షరాలతో. కింద మూలన చీమంత తెలుగులో సంతకం: పర్వతాలు, ఆర్టిస్ట్.

కల్యాణ్ స్కూలు యూనిఫాం కుట్టింది ఆ కొట్లోనే. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు, చిలకలగూడలోనే ఇల్లు. పిల్లాడప్పుడు కొలతలిస్తూ, చేతులు చాపి నిలబడి, ఆ స్తంభం మీది అక్షరాలే కూడబలుక్కుని చదివేవాడు. పెద్దయి అదే స్తంభం ముందు ఫోన్ పట్టుకుని నిలబడి, ఒక్కో అక్షరాన్నీ ఫోటో తీసి, ఆఫీసులో వాటి మీద గీసి, లేని అక్షరాలు ఊహించి, రెండేళ్ళలో ఫాంటు చేశాడు. పని బాగా చేశాడు. ఆ విషయంలో ఎవరూ అతన్ని తప్పుపట్టలేరు.

మరి తప్పెక్కడ? ఒకరోజు సదాశివని అడిగాడు, ఈ బోర్డు రాసినాయన ఎక్కడుంటాడని. సదాశివ మిషను తొక్కడం ఆపకుండానే, "గాయ్‌న చాన పెద్ద మనిషి. ఇప్పుడు ఉన్నడో లేడో. నేరేడ్‌మెట్‌ల ఉంటుండె, మసీదు ఎన్కాల గల్లీ. జెర వొయ్యి అరుసుకోరాదు?" అన్నాడు. అరుసుకోవచ్చు, వెళ్ళి కనుక్కోవచ్చు. స్కూటర్ మీద ఎంతసేపని? కాఫీ తాగినంతసేపు. కల్యాణ్ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో అతనికి తెలుసు. వెళ్తే అడగాలి. అడిగితే ఆయన వద్దనవచ్చు. లేకపోతే, అలా కాదు ఇలా గియ్యి అనవచ్చు. రెండేళ్ళ పని ఒక ముసలాయన నోట్లో మాట మీద ఆధారపడుతుంది. అదే ఆయన లేకపోతే? ఏ గొడవా లేదు. బతికున్నవాడి పేరు వేయాలంటే అనుమతి అడగాలి, పోయినవాడి పేరు వేస్తే అది గౌరవం. చూడండి వరస! ఉన్నడో లేడో అన్న మాటలో 'లేడో' అన్న సగాన్నే అయ్యగారు ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

ఫాంటు తయారయ్యాక దాన్ని జనానికి చూపించడానికి ఒక నమూనా పుస్తకం వేస్తారు. ఈ అక్షరాలు దేనికి పనికొస్తాయో ఒక్కో పేజీలో ఒక్కో వేషం వేసి చూపిస్తారు. బిస్కెట్ డబ్బా మీద ఇలా ఉంటుంది, పెళ్ళికార్డు మీద ఇలా, పాత సినిమా పోస్టర్ మీద ఇలా, కాఫీపొడి పొట్లం మీద ఇలా. ఆఖరి పేజీ కల్యాణ్ నల్లగా చేశాడు. నలుపు మీద తెల్లటి అక్షరాలతో, నివాళి ప్రకటన ఎలా ఉంటుందో చూపిస్తూ, 'ప్రేమతో స్మరిస్తూ, పర్వతాలు, సికింద్రాబాద్ బోర్డులు రాసిన చెయ్యి' అని ఇంగ్లీషులో వేశాడు.

స్వర్ణలత ఆ పేజీ దగ్గర ఆగింది. "ఆయన చనిపోయారా కల్యాణ్? కన్ఫర్మ్ చేసుకున్నావా?"

"చేసుకున్నాను మేడం."

మూడు ముక్కలు కూడా లేవు ఆ అబద్ధంలో. ఎంత తేలిగ్గా వచ్చిందో!

పుస్తకం బయటికి వచ్చాక బిస్కెట్ డబ్బాని ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఆఖరి పేజీనే పంచుకున్నారు. కళ్ళనీళ్ళ బొమ్మలు పెట్టారు. ఓ ఇంగ్లీషు పేపరు సిటీ పేజీలో ముక్క వేసింది. అది చూసి పెయింటర్ల సంఘం అధ్యక్షుడు రాజేందర్, "అరే, మన పర్వతాలన్న పోయిండట, మనకే ఎరికలేదు, ఎంత ఇజ్జత్ తక్కువ పని" అని తెగ బాధపడిపోయి, ముందు ఫ్లెక్సీ కట్టండి, తర్వాత ఇంటికి పోదాం అన్నాడు. మన దగ్గర ఏదైనా అదే వరస కదా, పుట్టినరోజైనా చావైనా ముందు ఫ్లెక్సీ. బోర్డులు రాసేవాళ్ళ పొట్ట కొట్టింది ఆ ఫ్లెక్సీయే అన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. ఏదో సన్మానంలో తీసిన ఫోటో దొరికింది. కన్నీటి నివాళి అని తెలుగులో, కింద పేరు ఇంగ్లీషులో, ఆ ఇంగ్లీషు కల్యాణ్ ఫాంటులోనే. కొద్దిరోజులు ఉచితంగా వాడుకోమని ఆఫీసు ఇచ్చింది మరి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఇది కల్యాణ్ వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు. ఆ ఫ్లెక్సీ కట్టిన రోజు పొద్దున్నే ఆఫీసుకి పోతూ అతను దాన్ని చూశాడు. బండి ఆపాడు. తన అక్షరాలు రోడ్డు మీద కనిపించడం అదే మొదటిసారి. చౌరస్తాకి అవతలి పక్కనుంచి కూడా స్పష్టంగా చదవగలుగుతున్నాడు. ఛాతీ ఉబ్బింది. ఫోటో తీసి, నవ్వుతున్న మొహం బొమ్మ తగిలించి, స్టేటస్ పెట్టుకున్నాడు. దండ కింద పర్వతాలు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు రాజేందర్ ఆఫీసుకి ఫోన్ చేసి, పర్వతాలన్న నిక్షేపంగా ఉన్నాడని, ఫ్లెక్సీ పీకేశామని, అసలీ వార్త ఎవడు పుట్టించాడో చెప్పమని అరిచాడు. స్వర్ణలత ఫోన్ పెట్టేసి కల్యాణ్ బల్ల దగ్గరికి వచ్చింది. అరిచినా బాగుండేది. "నేను నిన్ను అడిగాను కదా," అంది, అంతే. "వెళ్ళి కనపడు" అని తన గదిలోకి పోయింది.

ఆ వెళ్ళడమే ఇది.

నేరేడ్‌మెట్ మసీదు వెనకాల గల్లీ చివర, నీలంరంగు గేటు. గేటుకి ఒకటే స్తంభం, రెండో పక్క పక్కింటి గోడ. లోపల వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో, లుంగీ మీద ఉతికిన తెల్ల బనీనుతో పర్వతాలు కూర్చుని ఉన్నాడు. ఫ్లెక్సీ మీది మొహమే. కాకపోతే రెండు చేతులూ తొడల మీద వణుకుతున్నాయి, ఆగకుండా.

కల్యాణ్ పేరు చెప్పాడు. ఆఫీసు పేరు చెప్పాడు. ఇంకేదో చెప్పబోయి మానేసి, వాళ్ళమ్మ చెప్పినట్టే వంగి కాళ్ళు పట్టుకున్నాడు.

"ఓహో, నువ్వేనా నన్ను సంపింది?" అన్నాడు పర్వతాలు, కల్యాణ్ ఊహించని సంబరంతో. "లే బిడ్డా, లే. కూసో. విమలా! ఓ విమలా! నన్ను సంపినాయన వచ్చిండు, చాయ్ పెట్టు!"

లోపలినుంచి ఆయన భార్య విమలమ్మ తొంగిచూసింది. సన్నటి మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఉంది. కల్యాణ్‌ని ఓ క్షణం చూసి లోపలికి పోయింది.

"సార్, తప్పంతా నాదే," అన్నాడు కల్యాణ్. ఇది మాత్రం దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు కాబట్టి వరసగా వచ్చింది. "మీ ఇల్లెక్కడో నాకు చెప్పారు. అయినా నేను రాలేదు. మీరు వద్దంటారేమోనని భయపడ్డాను. మీరు... లేరని నేనే అనుకున్నాను. మా మేడం అడిగితే కనుక్కున్నానని అబద్ధం చెప్పాను."

"ఎందుకంట వద్దంట? నేనేమన్న తాసీల్దారునా?" పర్వతాలు నవ్వాడు. "ఇగ నేను చెప్తున్న ఇను. గా అక్షరాలు నాయి సుత కావు. కంటోన్మెంట్ల ఒక మేజర్ సాబు ఇంటికి పేరు రాయనీకె పోతె, ఆల్లింట్ల విలాయతి బిస్కెట్ డబ్బ ఉండె. గా డబ్బ మీద సూసిన. సదాశివ స్తంభం జెరంతుండె, పేరేమొ రైలంత పొడుగు. ఏం జెయ్యాలె అని పరేషాన్ల ఉన్న. డబ్బ యాదికొచ్చింది. కొట్టుకొచ్చిన. నేను ఎవర్నన్న అడిగిన్నా? గా డబ్బ రాసినోడు ఉన్నడా సచ్చిండా అని సుత సూడలే."

కల్యాణ్ గుండెల మీది బండ సగం దొర్లిపోయింది. ఎంత మంచివాడండీ ఈ ముసలాయన! తను దొంగనని ఒప్పుకుంటూ ఎదుటివాడి దొంగతనం మాఫీ చేసేశాడు.

"ఫ్లెక్సీ జూసి ఎంతమంది వచ్చిన్రో ఎరికెనా?" పర్వతాలు చెప్పుకుపోతున్నాడు. "ఇరవై ఏండ్ల సంది మొకం సూపియ్యనోల్లు సుత వచ్చిన్రు. ఒగడు గేట్లకెల్లే ఏడ్సుకుంట వచ్చి, నన్ను జూసి, మల్ల ఎన్కకు ఉర్కిండు. దయ్యం అనుకున్నడు బద్మాష్! అందరికంటె ఎక్కువ ఏడ్సింది మా ఇంటామె. ఆల్ల చెల్లె ఊరికి పోయి గా దినమే వచ్చింది. నేను గిదే కుర్సీల కూసున్న. 'వచ్చినవా, చాయ్ పెట్టు' అన్న. నన్ను పట్టుకొని ఒగటే ఏడ్పు. ఎంత సంబురమో దానికి! ఇన్నేండ్ల సంసారంల అట్ల ఎన్నడు ఏడ్వలే."

విమలమ్మ చాయ్ తెచ్చింది. కల్యాణ్‌కి గ్లాసు ఇచ్చి, మొగుడి చాయ్ సాసర్‌లో పోసి, పక్కన స్టూలు మీద కూర్చుని, ఊది, ఆయన నోటికి పట్టింది. ఒక చేత్తో సాసరు, ఇంకో చేత్తో ఆయన గడ్డం. ఆయన తాగుతూనే మాట్లాడుతున్నాడు, ఆవిడ మాట మాటకీ సాసరు ఎత్తుతూ దించుతూ ఉంది. బనీను మీద చుక్క పడకుండా చూసుకుంటోంది. అలవాటైన పని. కల్యాణ్ చూసి, ఎంత అన్యోన్యమో అనుకున్నాడు.

పుస్తకం చూపించమన్నాడు పర్వతాలు. కల్యాణ్ పేజీలు తిప్పుతుంటే చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "విమలా, సూసినవా, పెండ్లికారటు! గిది జూడు, కాఫీ పొడి! నా అక్షరాలు కాఫీ పొడి సుత అమ్ముతున్నయి!" ఇప్పుడు అవి మళ్ళీ ఆయన అక్షరాలే అయిపోయాయి, బిస్కెట్ డబ్బాకి నీళ్ళు వదిలేశాడు. ఆఖరి పేజీ రాకముందే కల్యాణ్ పుస్తకం మూయబోయాడు. "ఆగు ఆగు, అస్సలుది సూపియ్యి."

నల్ల పేజీ వచ్చింది. పర్వతాలు చాలాసేపు చూశాడు. వణుకుతున్న వేలిని తన పేరు మీద నడిపించాడు, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా.

"దునియల ఎంతమంది పేర్లు రాసిన," అన్నాడు. "నా పేరు నేను ఎన్నడు పెద్దగ రాసుకోలే. మూలకు, చీమ లెక్క. గింత పెద్దగ, గింత మంచిగ, గిదే ఫస్టు. గీ కాగితం నాకిచ్చెయ్ బిడ్డా. పటం కట్టిచ్చి గోడకు పెట్టుకుంట. మంచమ్మీద కెల్లి కనవడేటట్టు."

కల్యాణ్‌కి ప్రాణం లేచొచ్చింది. క్షమించడమే కాదు, బహుమానం అడుగుతున్నాడు! పుస్తకం కుట్టు దగ్గర జాగ్రత్తగా విప్పి, పేజీ చింపకుండా తీసి ఇచ్చాడు. పర్వతాలు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. విమలమ్మ ఖాళీ సాసరు పట్టుకుని లేచింది, సాసరు గ్లాసుకి తగిలి గలగలలాడింది.

"మళ్ళీ వస్తాను సార్," అని లేచాడు కల్యాణ్. దూదిలా తేలిపోతున్నాడు. అమ్మకి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చేసుకుంటున్నాడు. కాళ్ళట్టుకున్నానమ్మా, నవ్వేశాడు, చాయ్ ఇచ్చాడు. స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి వెనకాలే విమలమ్మ వచ్చింది. గేటు దగ్గరగా వేసింది.

"బిడ్డా, జెర ఆగు."

"చెప్పండమ్మా."

ఆవిడ గల్లీ అటూ ఇటూ చూసింది.

"నేను మా చెల్లె కాడికి కాజీపేట పోయి ఉంటి. నాలుగేండ్లయింది యాడికన్న పోయి. ఆయనకు చేతులు వణుకుడు మొదలైనప్పటి సంది పోలే. పక్కింటామెకు చెప్పి రెండు దినాలు పోయిన. ఫోన్‌ల చార్జింగ్ అయిపోయింది. టేషన్ల దిగి షేర్ ఆటో ఎక్కిన. చిలకలగూడ కాడ సిగ్నల్ పడ్డది. ఎదురుంగనే ఆయన. నవ్వుకుంట. మెడల దండ."

ఆ దండ, ఆ నవ్వు, తన స్టేటస్, అన్నీ ఒక్కసారి కల్యాణ్ కళ్ళముందుకి వచ్చాయి.

"నాకు చదువు రాదు బిడ్డా. ఊరందరి పేర్లు రాసెటాయన పెండ్లాన్ని, నాకు అక్షరం రాదు. పక్కన కాలేజి పిల్ల కూసుంటె ఏం రాసిందని అడిగిన. చదివి చెప్పింది. గదే నిజమైంది నాకు. ఆడికెల్లి ఇంటి దాక ముండమోసినదాన్నే."

"అమ్మా, నన్ను..."

"ఆగు. నువ్వు ఏడ్వకు. నేను చెప్పెటిది అది కాదు." ఆవిడ గేటు ఊచ పట్టుకుంది. "ముందుగాల నాకు ఏడ్పు రాలే. ఏమనిపించిందో ఎరికెనా? రేపు పొద్దుగాల లేవకున్న నడుస్తది అనిపించింది. ఇంకో రెండు దినాలు చెల్లె కాడ ఉన్నా అయిపోతుండె అనిపించింది. గట్లనే అనిపించింది బిడ్డా! కడుగుడు లేదు, తాపిచ్చుడు లేదు, రాత్రి లేషి లేషి సూసుడు లేదు, ఇగ పండుకోవచ్చు అనిపించింది. జెరసేపే. సిగ్నల్ ఇడిసిపెట్టే దాకనే. తర్వాత ఏడ్పొచ్చింది. గని ముందుగాల వచ్చింది అదే."

గల్లీలో ఎవరో సైకిలు మీద వెళ్తుంటే ఆవిడ ఆగింది. సైకిలు మలుపు తిరిగాక మళ్ళీ అంది:

"ఇంటికొచ్చి సూస్తె కూసోనున్నడు. చాయ్ పెట్టు అన్నడు. పట్టుకొని ఏడ్సిన. సంబురమనుకుంటున్నడు. వచ్చినోల్లందరికి చెప్తున్నడు, మా ఇంటామెకు నేనంటె ఎంత పాణమో అని. నేను ఎవరికి చెప్పుకోవాలె? నువ్వు ఆ బొమ్మ పెట్టియ్యకపోతె, నా లోపట గిట్లాంటిది ఉన్నదని నాకు ఎరికనే కాకపోవు."

"తప్పు నాదమ్మా," అన్నాడు కల్యాణ్. ఇందాక ఆయనతో అన్న మాటే. ఇప్పుడది అంత వరసగా రాలేదు. ఛీ, ఇంతసేపూ క్షమాపణ ఎవరికి చెప్పుకున్నాడు తను? దెబ్బ తగిలినవాళ్ళని వదిలేసి, నవ్వుతున్నవాడి దగ్గర కూర్చుని చాయ్ తాగాడు. ఆయన్ని చంపితే చంపాడు, ఆయన లేచి కూర్చున్నాడు. ఈవిడకి చేసింది ఎలా వెనక్కి తీసుకుంటాడు?

"నీది నువ్వు మొయ్యి. నాది నేను మోస్తున్న," అంది విమలమ్మ. గొంతులో కోపం లేదు. "ఆయనకు మాత్రం చెప్పకు. ఇంకోటి. గా కాగితం గోడకు పెడ్తడట. మంచం ఎదురుంగ. నాకు చదవ రాదు గని, అదేందో ఇప్పుడు ఎరికైంది గద. దినాం దాని ముంగట ఆయనకు తాపియ్యాలె నేను. ఎట్లనన్న జేసి తీస్కపో."

కల్యాణ్ మళ్ళీ లోపలికి వెళ్ళాడు. పర్వతాలు ఇంకా ఒళ్ళో కాగితాన్నే చూసుకుంటున్నాడు.

"సార్, ఆ పేజీ ఒకసారి ఇస్తారా? అందులో... ఆర్ అక్షరం తోక సరిగ్గా రాలేదు. సరిచేసి మళ్ళీ తెస్తాను."

"ఏమన్న పిచ్చా? తోక మంచిగున్నది."

"లేదు సార్, నలుపు కూడా సరిగ్గా దిగలేదు."

"మంచిగ దిగింది." పర్వతాలు కాగితాన్ని రెండు వణికే చేతుల కిందా దాచుకున్నాడు. "ఇచ్చినట్టె ఇచ్చి గుంజుకుంటవా? నా పేరు నాకియ్యవా బిడ్డా?"

మళ్ళీ అబద్ధం, అది కూడా అతకని అబద్ధం. కల్యాణ్ చుట్టూ చూశాడు. నీలం గేటు కనిపించింది, గేటు పక్కన ఒంటరి స్తంభం కనిపించింది. సున్నం తప్ప దాని మీద ఏమీ లేదు.

"పేరు ఇక్కడెందుకు సార్, నల్ల కాగితం మీద?" అన్నాడు. "ఇది పోయినవాళ్ళకి వేసే పేజీ. మీకెందుకిది? గేటు స్తంభం మీద రాద్దాం. మెరూన్ మీద మీగడ రంగు, సదాశివ కొట్టు మీదలాగే. నేనే రాస్తాను. బ్రష్షుతోనే రాస్తాను. మీరు కూర్చుని చెప్పండి ఎలా రాయాలో. గల్లీ మొత్తానికి కనపడుతుంది. నాకు ఈ కాగితం ఇచ్చేయండి, బదులుగా ఆ పేరు ఇస్తాను."

పర్వతాలు స్తంభం వంక చూశాడు. ఇన్నేళ్ళుగా దాన్ని ఎప్పుడూ చూడనట్టే చూశాడు.

"జెరంతున్నది గద స్తంభం."

"అందుకే కదా సార్ ఈ అక్షరాలు."

ముసలాయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే కాగితం మీంచి చేతులు తీసేశాడు. కల్యాణ్ దాన్ని మడిచి, అచ్చు లోపలికి వచ్చేలా మడిచి, సంచిలో అడుక్కి తోసేశాడు. స్కూటర్ డిక్కీలోంచి టేపు తెచ్చాడు. పర్వతాలు లేస్తానన్నాడు. లేపి, నడిపించి, స్తంభం దగ్గర నిలబెట్టాడు. కొలిచేది నేనే అని పెద్దాయన పేచీ పెట్టి టేపు ఒక కొస లాక్కున్నాడు. ఆ కొస స్తంభం అంచు మీద నిలవడం లేదు, టకటకా కొట్టుకుంటోంది.

విమలమ్మ గేటు పక్కనే ఉంది, లోపలికి పోబోతూ ఆగింది.

"ఏం రాయమంటారు సార్? పర్వతాలు, ఆర్టిస్ట్ అనా?"

"ఉత్త నా పేరొక్కటేనా?" అన్నాడు పర్వతాలు. "ముందుగాల దాని పేరు రాయి. విమలమ్మ అని. పెద్దగ రాయి. కింద నాది."

"నా పేరెందుకు ఆడ?" అంది విమలమ్మ గబుక్కున. "వద్దు. నా పేరు వద్దు."

"నువ్వు సప్పుడు జెయ్యకు," అన్నాడు మొగుడు, కల్యాణ్ వైపే తిరిగి. "నీకు ఎరికలేదు బిడ్డా. అది లేకుంటె నేను ఎన్నడో నీ నల్ల కాగితంలనే ఉంటుంటి. ముందు దానిదే రాయి."

కల్యాణ్ ఆవిడ వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. విమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, స్తంభం కేసి చూస్తూ నిలబడి ఉంది. కాసేపటికి కొంగు నడుముకి దోపుకుని వచ్చి వణుకుతున్న ఆయన మణికట్టుని తన చేత్తో పట్టుకుని స్తంభానికి ఆనించింది. టేపు కదలడం ఆగింది.

"ఆ, ఇగ చెప్పు, ఎంతొచ్చింది?" అన్నాడు పర్వతాలు.

కల్యాణ్‌కి టేపు మీది అంకె కనిపించలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు.